మూత్ర పరీక్షలో గుండె కబురు

(బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో జరిగిన మాజీ సైనికుల తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ముందుగా ఒక మాట. నేను డాక్టర్ని కాను. ఆర్మీ మెడికల్ కోర్‌లో ల్యాబ్ అసిస్టెంట్‌గా 24 ఏళ్లు పనిచేసి, పెన్షన్ వచ్చాక ఈ ఊళ్లోనే ఒక చిన్న ల్యాబులో కూర్చున్నవాణ్ణి. మీలో చాలామంది రైఫిల్ పట్టారు, కొందరు స్టీరింగు పట్టారు, నేను టెస్టుట్యూబు పట్టాను. కనుక ల్యాబు బల్ల దగ్గర నిలబడి చూసిన సంగతులు, చదివి తెలుసుకున్న సంగతులు మాత్రమే చెబుతాను. వైద్యం చెయ్యవలసింది మీ డాక్టరుగారే.

కార్యదర్శిగారు ఫోన్ చేసి "ఏ విషయం మీద మాట్లాడతారు మాష్టారూ?" అంటే "మూత్రం మీద" అన్నాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "భోజనాలకు ముందా, తర్వాతా?" అని అడిగారు. ముందే పెట్టించుకున్నాను. ఎందుకంటే ఈ విషయం మన గుండెకు సంబంధించినది. హార్ట్ ఫెయిల్యూర్ అనే జబ్బును కనిపెట్టడంలో మూత్రంలోని మాంసకృత్తులు, అంటే ప్రోటీన్లు, ఎంతవరకు పనికొస్తాయి, ఎక్కడ మోసం చేస్తాయి అన్నదే నేడు నా విషయం.

సర్వీసులో ఉన్నంతకాలం యాన్యువల్ మెడికల్ తప్పదు. ఎత్తు, బరువు, బి.పి., ఛాతీ కొలత, ఆ తర్వాత ఒక చిన్న సీసా. ఆ సీసాకు మనవాళ్లు ఇచ్చే మర్యాద ఎంతో నాకు తెలుసు. కొళాయి నీళ్లు కలిపి ఇచ్చినవాళ్లున్నారు. ఒకే సీసాలోంచి నలుగురికి పంచిపెట్టిన ధర్మాత్ములూ ఉన్నారు. ఆ నలుగురి రిపోర్టులూ కవల పిల్లల్లా ఉండేవి! లో మెడికల్ కేటగిరీ పడుతుందేమో, ప్రమోషను ఆగుతుందేమో, మంచి పోస్టింగు పోతుందేమో అన్న భయం. షేప్ వన్ నిలబడితే చాలు. ఆ భయం అర్థం చేసుకోదగినదే.

కానీ రిటైరయ్యాక సంగతి ఏమిటి? రిలీజ్ మెడికల్ బోర్డు అయిపోయిన మర్నాటి నుంచి మనల్ని సీసా అడిగేవాడు లేడు. సాధారణంగా మన జవాను నలభై దాటుతూనే ఇంటికొస్తాడు. గుండె, కిడ్నీ, షుగరు, బి.పి. జబ్బులు తలుపు తట్టేది సరిగ్గా అప్పటి నుంచే. కాపలా అవసరమైన రోజునే సెంట్రీని తీసేసినట్టు అవుతోంది. ఇసిహెచ్ఎస్ పథకం 2003 ఏప్రిల్‌లో మొదలైంది. కార్డు చాలామంది జేబులో ఉంది. జబ్బు ముదిరాక రిఫరల్ కోసం దాన్ని బయటికి తీసేవారే ఎక్కువ. ఏమీ లేనప్పుడు చూపించుకుందామని వెళ్లేవారు తక్కువ.

హార్ట్ ఫెయిల్యూర్ అంటే గుండె ఆగిపోవడం అని చాలామంది అనుకుంటారు. కాదు. గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, కానీ శరీరానికి కావలసినంత రక్తాన్ని తోడలేకపోతుంది. లేదా తోడటానికి లోపల ఒత్తిడి బాగా పెంచుకోవలసి వస్తుంది. మన రైల్వే ఊరి భాషలో చెప్పాలంటే, యార్డు ఖాళీ కాకపోతే ఏమవుతుంది? వచ్చే గూడ్సు అవుటర్‌లో నిలబడుతుంది. దాని వెనక వచ్చేది వెనక స్టేషన్లో నిలబడుతుంది. గుండె ఎడమ వైపు రక్తం ముందుకు వెళ్లకపోతే ఊపిరితిత్తుల్లో నిలుస్తుంది, ఆయాసం వస్తుంది. కుడి వైపు ఆగితే కాళ్లలో, పొట్టలో, కాలేయంలో నిలుస్తుంది, వాపు వస్తుంది. అలా నిలిచిపోయే దారిలోనే కిడ్నీ కూడా ఉంది. చాలామంది గమనించనిది ఇదే.

కిడ్నీ ఒక జల్లెడ. రక్తంలోని చెత్తను వదిలేస్తుంది, అల్బుమిన్ వంటి మాంసకృత్తులను ఆపుకుంటుంది. ఆరోగ్యవంతుడి మూత్రంలో రోజుకు 150 మిల్లీగ్రాములకు మించి ప్రోటీను పోదు. గుండె బలహీనపడితే ఒక పక్క కిడ్నీకి వచ్చే రక్తం తగ్గుతుంది, మరో పక్క కిడ్నీ నుంచి తిరిగి వెళ్లే సిరల్లో ఒత్తిడి పెరుగుతుంది. దానికితోడు బి.పి., షుగరు వల్ల ఒంట్లోని సన్నని రక్తనాళాల లోపలి పొర దెబ్బతింటుంది. ఆ పొర కిడ్నీలో దెబ్బతింటే అల్బుమిన్ కారుతుంది. అదే పొర గుండెలోనూ ఉంది. అందుకే మూత్రంలో అల్బుమిన్ కనబడితే పెద్ద డాక్టర్లు కిడ్నీ ఒక్కదాని గురించే ఆలోచించరు. "ఇతని రక్తనాళాలు ఎలా ఉన్నాయి? గుండె ఎలా ఉంది?" అని కూడా అడుగుతారు.

ఇది కొత్త సంగతేమీ కాదు. లండన్ గైస్ హాస్పిటల్లో పనిచేసిన రిచర్డ్ బ్రైట్ అనే వైద్యుడు 1827లో, ఒళ్లు వాచిన రోగుల మూత్రాన్ని చెంచాలో పోసి కొవ్వొత్తి మీద వేడి చేస్తే గడ్డకట్టడం చూసి, ఆ వాపుకూ కిడ్నీకీ సంబంధం చెప్పాడు. అటువంటి రోగుల్లో చాలామందికి గుండె కూడా పెరిగి ఉంటోందని ఆయనే 1836లో రాశాడు.

మా ఎం.ఐ. రూముల్లోనూ చాలాకాలం చేసింది దాదాపు ఆ పరీక్షే. టెస్టుట్యూబులో మూత్రం పోసి పై భాగాన్ని స్పిరిట్ దీపం మీద కాస్తాం. తెల్లగా మబ్బు పడితే రెండు మూడు చుక్కలు పలుచని అసిటిక్ ఆసిడ్ వేస్తాం. మబ్బు అలాగే ఉంటే ప్రోటీను. మాయమైపోతే అది ఫాస్ఫేటు, భయం లేదు. ఫాస్ఫేటు అనగానే మనం గర్వంగా తలచుకోవలసిన ఒక తెలుగువాడు ఉన్నారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డ్‌లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలసి, ఒంట్లోని ద్రవాలలో ఫాస్ఫరస్‌ను రంగు ద్వారా కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అని తర్వాతి తరాల ల్యాబువాళ్లందరం చదువుకున్నది అదే. ఆ కొలతల దారినే వెళ్లి వారిద్దరూ కండరంలో శక్తిని మోసే ఏటీపీ అనే పదార్థాన్ని 1929లో ప్రకటించారు. గుండె ప్రతి కొట్టుడికీ ఖర్చు పెట్టే నాణెం ఏటీపీయే. అలసిన గుండెకు ఆ నాణెం చాలదు.

ఇప్పుడు దీపాలు పోయి స్ట్రిప్పులు వచ్చాయి. కాగితం పట్టీ ముంచితే రంగు మారుతుంది. నిల్, ట్రేస్, ఒక ప్లస్, రెండు ప్లస్‌లు అని రాస్తాం. ఇది చవక, వేగం. కాని రెండు లోపాలున్నాయి. ఒకటి, కొద్దిపాటి అల్బుమిన్‌ను స్ట్రిప్పు పట్టుకోలేదు. రెండోది, మూత్రం చిక్కదనాన్ని బట్టి మాట మారుస్తుంది. బిలాస్‌పూర్ మే నెల ఎండలో ట్రాక్ మీద పనిచేసి, నీళ్లు తాగకుండా వచ్చినవాడి మూత్రం చిక్కగా ఉంటుంది. అందులో ఉన్న కాస్త ప్రోటీను కూడా ప్లస్ చూపిస్తుంది. అదే మనిషి లీటరు నీళ్లు తాగి వస్తే నిల్ అంటుంది.

దీనికి విరుగుడు అల్బుమిన్–క్రియాటినిన్ నిష్పత్తి. ల్యాబుల్లో ఎ.సి.ఆర్. అంటారు. మూత్రం పలుచనైతే రెండూ పలుచనవుతాయి, చిక్కనైతే రెండూ చిక్కనవుతాయి, కనుక నిష్పత్తి నిలకడగా ఉంటుంది. ఒక గ్రాము క్రియాటినిన్‌కు 30 మిల్లీగ్రాముల లోపు అల్బుమిన్ ఉంటే మామూలు. 30 నుంచి 300 దాకా ఉంటే కొంత ఎక్కువ. పాత రిపోర్టుల్లో దీన్నే మైక్రో అల్బుమిన్ అనేవాళ్లం. 300 దాటితే బాగా ఎక్కువ. స్ట్రిప్పు "నిల్" అన్నవాడికి కూడా ఎ.సి.ఆర్. 60, 80 ఉండవచ్చు. గుండె విషయంలో మనకు కావలసిన తొలి కబురు ఆ మధ్య అంకెల్లోనే ఉంటుంది.

ఆ కబురు ఎంత గట్టిదో తెలియాలంటే హోప్ అనే పెద్ద అధ్యయనం చూడాలి. 55 ఏళ్లు దాటి, గుండెజబ్బు ప్రమాదం ఉన్న తొమ్మిది వేల మందికి పైగా మనుషుల్ని కొన్నేళ్లపాటు గమనించి, 2001లో ఫలితాలు ప్రకటించారు. మైక్రో అల్బుమిన్ ఉన్నవాళ్లు హార్ట్ ఫెయిల్యూర్‌తో ఆసుపత్రిలో చేరే అవకాశం, లేనివాళ్ల కంటే మూడు రెట్లకు పైగా ఉందని తేలింది. షుగరు ఉన్నవాళ్లూ లేనివాళ్లూ అందులో ఉన్నారు. "నాకు షుగరు లేదు గదా, నాకెందుకు?" అనేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఇక రెండో వైపు చూడండి. ఛార్మ్ అనే అధ్యయనంలో అప్పటికే హార్ట్ ఫెయిల్యూర్ ఉన్న 2,310 మంది మూత్రం పరీక్షించి 2009లో ఫలితాలు ప్రచురించారు. అందులో 30 శాతం మందికి మైక్రో స్థాయిలో, 11 శాతం మందికి అంతకంటే ఎక్కువగా అల్బుమిన్ ఉంది. వాళ్లకే తర్వాత కష్టాలు ఎక్కువగా వచ్చాయి. కాని లెక్క తిరగేసి చూడండి. పదిమంది హార్ట్ ఫెయిల్యూర్ రోగుల్లో దాదాపు ఆరుగురి మూత్రం శుభ్రంగానే ఉంది! అంటే మూత్రంలో అల్బుమిన్ లేదు కనుక గుండె బాగుంది అనుకుంటే ప్రమాదం. ఉంది కనుక హార్ట్ ఫెయిల్యూరే అనుకున్నా పొరపాటే. అది కాపలావాడి కేక లాంటిది. కేక వినబడితే టార్చిలైటు వేసి చూడాలి. ఎవరో తేలకముందే కాల్చకూడదు. కేక వినబడలేదని నిద్రపోనూ కూడదు.

కేక ఉత్తినే కూడా రావచ్చు. ముఖ్యంగా మన వృత్తిలో. రూట్ మార్చ్ చేసి, పరుగు పరీక్ష పూర్తిచేసి తిన్నగా వచ్చి సీసా ఇస్తే ప్రోటీను కనబడవచ్చు. ఒకటి రెండు రోజుల్లో పోతుంది. జ్వరంలో రావచ్చు. మూత్రంలో చీము ఉంటే రావచ్చు. ఎత్తయిన కొండల మీదికి వెళ్లిన కొత్తలో పెరగవచ్చు. పొడుగ్గా సన్నగా ఉండే కుర్ర రిక్రూట్లలో కొందరికి నిలబడితే ప్రోటీను పోతుంది, పడుకుంటే పోదు. అందుకే తెల్లవారుజామున లేవగానే పట్టిన మూత్రం మంచిది. ఒక్కసారి ఎక్కువ వచ్చిందని బెంగపడకుండా, మూడు నెలల లోపు మరో రెండుసార్లు చేయించుకోవాలి. మూడింట రెండు ఎక్కువగా వస్తే అప్పుడు దాన్ని నమ్మాలి.

ఈ బిలాస్‌పూర్‌లో మన తెలుగువాళ్ల విషయంలో ఇంకో చిక్కు ఉంది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి ఇక్కడికి వచ్చిన తెలుగు కుటుంబాలు ఎక్కువగా శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపువి. ఇప్పటికీ పండక్కి ఊరెళ్లాలంటే కోర్బా–విశాఖ లింక్ ఎక్స్‌ప్రెస్ రిజర్వేషన్ కోసమే మన ఆరాటం. ఆ శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల ఉద్దానం గురించి మీకు నేను చెప్పనక్కరలేదు. కొబ్బరితోటల మధ్య కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా ఇళ్లు ఖాళీ చేస్తోంది. కారణం ఇంకా తేలలేదు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. మన ఛత్తీస్‌గఢ్‌లోనూ గరియాబంద్ జిల్లా సుపేబెడా గ్రామానిది ఇటువంటి కథే.

ఆ ఉద్దానం భయం మనిషిని ఏం చేస్తుందో మా వీధిలోనే చూశాను. కవిటి వైపు నుంచి వచ్చిన ఒక హవల్దారు, ఆర్మీ నుంచి రిటైరై ఇక్కడ రైల్వేలో గేట్‌మన్‌గా చేరాడు. ఊళ్లో సొంత తమ్ముడు డయాలసిస్ మీదే పోయాడు. ఒక చలికాలం ఇతనికి కాళ్లు వాచాయి. మందుల షాపులో వాపు మాత్రలు కొనుక్కుని మింగుతూ నాలుగు నెలలు గడిపాడు. చివరికి అతని భార్య మా ఇంటికి వచ్చి, "అన్నయ్యా, మీ బావగారు రాత్రిళ్లు పడుకోడం లేదు. గోడకి జేరబడి కూకుంటన్నారు. పడుకుంటే దగ్గొస్తంది. మీరొకసారి రండి" అంది.

వెళ్లి సీసా అడిగాను. "ఇవ్వను బావా" అన్నాడు. "ఇస్తే ఏటవుతాది? ఆ జబ్బు పేరే గదా రాత్తారు! మా తమ్ముడికీ ఇలాగే మొదలైంది. పేరు తెలిసిన కాడి నుంచి ఆడు బతికింది రెండేళ్లు. పేరు తెలీకపోతే మరో ఏడాది బతికేవాడేమో." పన్నెండేళ్లు సరిహద్దులో ఉన్న మనిషి. బాంబుకు భయపడలేదు. నా చేతిలోని ఖాళీ సీసాకు భయపడ్డాడు.

నేను వాదించలేదు. "బావా, ఆ జబ్బు కాళ్లవాపుతో మొదలవడం తక్కువ. గోడకు ఆనుకుని కూర్చోబెట్టేది సాధారణంగా కిడ్నీ కాదు, గుండె. సీసా ఆ తమ్ముడి పేరు రాయడానికి కాదు, కాదని చెప్పడానికి కావాలి" అన్నాను. మర్నాడు పొద్దున్నే సీసా ఇచ్చాడు. ఎ.సి.ఆర్. 180 వచ్చింది. రక్తంలో క్రియాటినిన్ కొంచెం మాత్రమే ఎక్కువ. ఆ కాగితాలతో గుండె డాక్టరు దగ్గరికి పంపాను. ఆయన ఎన్.టి. ప్రో బి.ఎన్.పి. అనే రక్త పరీక్ష, ఎకో చేయించారు. గుండె తోడే శక్తి సగానికి తగ్గిపోయి ఉంది. హార్ట్ ఫెయిల్యూర్. అప్పుడు మందులు మొదలయ్యాయి. ఇప్పుడు అతను పడుకుని నిద్రపోతున్నాడు. మునుపటి మనిషి కాలేదు, బరువులెత్తడు, మెట్లు ఆగి ఆగి ఎక్కుతాడు. కాని ఉన్నాడు. ఇద్దరు కూతుళ్లలో చిన్నమ్మాయి పెళ్లికి పీటల మీద కూర్చున్నాడు.

ఉద్దానం మిత్రులకు ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పాలి. ఆ ప్రాంతపు కిడ్నీ జబ్బులో మూత్రంలో ప్రోటీను తక్కువగానే పోతుంది, తొలి దశలో అసలు కనబడకపోవచ్చు. స్ట్రిప్పు నిల్ అన్నదని కిడ్నీ బాగుందనుకోకూడదు. రక్తంలో క్రియాటినిన్ కూడా చూడాలి. సీసా, రక్తం రెండూ కలిస్తేనే సాక్ష్యం.

ఇందాక చెప్పిన ఎన్.టి. ప్రో బి.ఎన్.పి. సంగతి కొంచెం వివరిస్తాను. గుండె ఒక పంపు మాత్రమే కాదు, హార్మోన్లు కూడా తయారుచేస్తుందని 1981లో కెనడా శాస్త్రవేత్త డి బోల్డ్ చూపించాడు. గుండె గది సాగినప్పుడు, ఉప్పునూ నీటినీ బయటికి పంపమని కిడ్నీకి ఆ హార్మోనుతో కబురు పెడుతుంది. 1988లో జపాన్ శాస్త్రవేత్తలు అటువంటి మరో పదార్థాన్ని పంది మెదడులో కనుక్కున్నారు. అందుకే బి.ఎన్.పి. పేరులో బి అంటే బ్రెయిన్. తీరా చూస్తే మనిషిలో అది ఎక్కువగా తయారయ్యేది గుండెలోనే. పేరు మాత్రం మారలేదు. రక్తంలో ఎన్.టి. ప్రో బి.ఎన్.పి. 125 లోపు ఉంటే, నిలకడగా ఉన్న మనిషిలో హార్ట్ ఫెయిల్యూర్ ఉండే అవకాశం బాగా తక్కువ. ఎమర్జెన్సీలో ఆయాసంతో వచ్చినవాడికి 300 గీత. ఇక్కడా మినహాయింపులున్నాయి. వయసు పెరిగినా, కిడ్నీ దెబ్బతిన్నా, గుండె లయ తప్పినా ఈ అంకె పెరుగుతుంది. బాగా లావుగా ఉన్నవారిలో తగ్గి కనిపిస్తుంది. కనుక చివరి మాట ఎకోదే.

మరి ఆ పదార్థం రక్తంలోంచి మూత్రంలోకి కూడా వస్తుంది గదా, సూది లేకుండా మూత్రంలోనే చూడకూడదా? ఈ ప్రశ్న శాస్త్రవేత్తలకూ వచ్చింది. ఇంగ్లండులోని లెస్టర్ వైద్యులు మూత్రంలో ఎన్.టి. ప్రో బి.ఎన్.పి. కొలిచి హార్ట్ ఫెయిల్యూర్‌ను గుర్తించవచ్చా అని పరిశీలించి 2004లో ఫలితాలు ప్రచురించారు. ఆశ కలిగించే ఫలితాలే. అయినా రోజువారీ వైద్యంలో రక్త పరీక్ష స్థానాన్ని అది తీసుకోలేదు. మూత్రంలోకి ఎంత వస్తుందన్నది కిడ్నీ మీద కూడా ఆధారపడటం ఒక చిక్కు.

దానికంటే దూరం వెళ్లినవాళ్లున్నారు. మూత్రంలో ఒకటి రెండు కాదు, వేల రకాల ప్రోటీను ముక్కలుంటాయి. వాటినన్నిటినీ ఒకేసారి యంత్రంతో విడదీసి, ఏ ముక్కలు ఎక్కువ, ఏవి తక్కువ అని వేలిముద్రలాగా చదవడం ఒక కొత్త శాస్త్రం. బెల్జియంలోని లూవెన్ బృందం 2012లో, బి.పి. ఉండి, గుండె బిగుసుకుపోవడం మొదలై, ఇంకా ఏ బాధా లేని మనుషుల మూత్రంలో ఇటువంటి గుర్తులు చూపించింది. వాటిలో ముఖ్యమైనవి కొల్లాజెన్ ముక్కలు. కొల్లాజెన్ అంటే శరీరాన్ని అతికి ఉంచే పీచు. గుండె గోడలో పీచు పేరుకునేటప్పుడు దాని తయారీ, విరుగుడు రెండూ మారుతాయి, ఆ తేడా మూత్రంలో కనబడుతుందని వారి ఆలోచన. ఆయాసం రాకముందే పట్టుకోగలిగితే అంతకంటే కావలసిందేముంది? కాని ఆ యంత్రాలు ఖరీదైనవి, ఆ పరీక్ష మన వీధి ల్యాబులో జరిగేది కాదు. పత్రికలో చదివి "ఆ టెస్టు రాయండి" అని డాక్టర్ని వేధించవద్దు. ప్రస్తుతానికి మన చేతిలో ఉన్నవి ఎ.సి.ఆర్., క్రియాటినిన్, ఎన్.టి. ప్రో బి.ఎన్.పి., ఇ.సి.జి., ఎకో. ఇవి సకాలంలో చేయించుకుంటే చాలు.

"మాకు పి.టి. చేసిన ఒళ్లు, మాకు హార్ట్ ఫెయిల్యూర్ ఏమిటి?" అనే సర్వీసు సోదరులకు ఒక సంగతి. 5,800 నుంచి 6,700 మీటర్ల ఎత్తున డ్యూటీలో ఉన్న మన సైనికులు 21 మందికి కాళ్లవాపు, ఆయాసం, పొట్టలో నీరు వచ్చి, గుండె కుడి భాగం పెరిగిపోయిన సంగతిని డాక్టర్ ఇందర్ ఆనంద్ బృందం 1990లో లాన్సెట్ పత్రికలో రాసింది. అందరూ ఆరోగ్యంగా పైకి వెళ్లిన కుర్రాళ్లే. కిందికి దించాక కోలుకున్నారు. వాళ్లను కాపాడింది, వాపును చూసిన వెంటనే "ఏమీ లేదులే" అనకుండా కిందికి దించడమే. ఒళ్లు గట్టిదైతే గుండె కబురు పంపదని కాదు. పంపిన కబురును మనం దాచకూడదు.

మందుల గురించి రెండే మాటలు. హార్ట్ ఫెయిల్యూర్‌కు ఇప్పుడు ఇచ్చే మందుల్లో డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనేవి ఉన్నాయి. మొదట షుగరు మందులుగా వచ్చాయి, 2019 నుంచి గుండెకూ మేలు చేస్తాయని రుజువైంది. కిడ్నీకీ మేలే. వీటిని వేసుకునేవారి మూత్రంలో షుగరు ప్లస్‌లు తప్పక వస్తాయి, ఎందుకంటే ఆ మందు పని అదే. సీసా ఇచ్చేటప్పుడు "ఈ మందు వాడుతున్నాను" అని ల్యాబులో చెప్పండి. లేకపోతే మాకూ మీకూ అనవసరపు కంగారు. రెండోది, మోకాళ్ల నొప్పికి మనవాళ్లు మరమరాల్లా మింగే బ్రూఫెన్, డైక్లోఫెనాక్ బిళ్లలు. అవి ఒంట్లో ఉప్పు, నీరు ఆపుతాయి, కిడ్నీని దెబ్బతీస్తాయి, బలహీన గుండెను ముంచుతాయి. డాక్టరు చెప్పకుండా వాడవద్దు.

ఇక అక్కచెల్లెళ్లకు ఒక విన్నపం. మగవాళ్లు తమ ఆయాసాన్ని వాళ్లంతట వాళ్లు చెప్పరు. మీరే కనిపెట్టాలి. స్టేషన్లో ప్లాట్‌ఫారాలు దాటే వంతెన మునుపు ఒక్క ఊపులో ఎక్కిన మనిషి మధ్యలో ఆగి బోర్డులు చదువుతున్నట్టు నటిస్తున్నాడా? తలకింద దిండ్లు ఒకటి నుంచి మూడయ్యాయా? రాత్రి దగ్గుతో లేస్తున్నాడా? సాయంత్రానికి సాక్సు గుర్తులు కాలి మీద లోతుగా పడుతున్నాయా? మూత్రం మీద నురగ చాలాసేపు నిలుస్తోందా? వీటిలో ఏది కనబడ్డా చెవి పట్టుకుని తీసుకెళ్లండి. ఉప్పు విషయం కూడా మీ చేతిలోనే ఉంది. రోజుకు అయిదు గ్రాములు, అంటే ఒక చెంచా దాటకూడదు. ఆవకాయ, అప్పడం, ఎండుచేపలు మన ప్రాణమే, కాదనను. వాచిన కాళ్లకు మాత్రం అవి పరమ శత్రువులు.

చివరగా, చెయ్యవలసిన పని. నలభై దాటిన ప్రతివాడూ, బి.పి. గాని షుగరు గాని ఉన్నవాడు ఏ వయసువాడైనా, ఏడాదికొకసారి ఎ.సి.ఆర్., క్రియాటినిన్, బి.పి., షుగరు చూపించుకోవాలి. సర్వీసులో తేదీ వాళ్లు ఇచ్చేవారు. ఇప్పుడు మనమే పెట్టుకోవాలి. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే నెలనే పెట్టుకుంటే మరచిపోరు. ప్రభుత్వానికి బతికున్నామని చెప్పే నెలలో మన గుండెనూ ఒకసారి అడిగినట్టవుతుంది. తెల్లవారి లేవగానే, మొదటి కొంచెం వదిలేసి మధ్యది పట్టండి, శుభ్రమైన సీసాలో, రెండు గంటల్లోపు ల్యాబుకు చేర్చండి. ముందు రోజు పరుగులు, బస్కీలు వద్దు. కొళాయి నీళ్లు అసలే వద్దు! ఇప్పటికే హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవారు రోజూ పొద్దున బరువు చూసి రాసుకోండి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కండ కాదు, నీరు. ఆ రోజే డాక్టరుకు చెప్పండి.

భోజనాల వేళయింది, కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. బయట బల్ల మీద ఖాళీ సీసాలు పెట్టించాను, మూత మీద పేరు రాసుకోవడానికి కాగితం కూడా ఉంది. వెళ్లేటప్పుడు తలా ఒకటి పట్టుకెళ్లండి. రేపు ఉదయం ఏడు నుంచి తొమ్మిది వరకు నేను ల్యాబులోనే ఉంటాను.

జైహింద్.